మన పెరట్లోకి ఎవరు తెచ్చారు? పులికంప, వయ్యారిభామల రెండు వందల ఏళ్ల కథ



తొలకరి పడి పదిహేను రోజులు తిరక్కుండానే మన ఊళ్లలో పెరళ్లన్నీ ఒకేలాగ అయిపోతాయి. పసుపు మొలకల మధ్య వయ్యారిభామ, ఆనప పాదు చుట్టూ తుంగ, కంచె వెంబడి పులికంప. ఇవాళ పీకితే వచ్చే వారానికి మళ్లీ అక్కడే. వీటన్నిటినీ కలిపి మనం "పిచ్చి మొక్కలు" అనేస్తాం. ఎక్కడి నుంచి వచ్చాయని అడగం. కొండ పుట్టినప్పుడే ఇవీ పుట్టాయన్నట్టు ఉంటుంది మన ధోరణి. నిజానికి తుంగని పక్కన పెడితే ఈ మూడింటిలో ఏదీ మన కొండది కాదు. తెచ్చినవాళ్లున్నారు, దిగిన ఊరుంది, కొన్నిటికి సంవత్సరం కూడా ఉంది. ఆ చరిత్ర తెలిస్తే ఎలా వదిలించుకోవాలో సగం తెలుస్తుంది. అందుకే పోస్టు కొంచెం పొడుగైనా చదవండి.

ముందు మనవాళ్ల లెక్క ఒకటి చెప్పుకోవాలి. మన అవ్వలు పెరట్లో కూర్చుని బొరిగెతో కలుపు తీస్తున్నప్పుడు చూడండి. పీకినవన్నీ ఒక్క కుప్పలో వెయ్యరు. గునుగు లేతగా ఉంటే ఒడిలోకి, గలిజేరు ఒడిలోకి, పాయలకూర, తోటకూర, తంటెం చిగుళ్లు కూడా ఒడిలోకే. మేక తినేది ఒక పక్కకి. మిగిలింది గట్టు మీద ఎండకి. మన ఇళ్లలో కలుపు తీయడం, కూర ఏరుకోవడం ఒకటే పని. తుంగ మొండిదే, అయినా దాని గడ్డలు మందుకి దాచేవాళ్లున్నారు. ఇంత లెక్క తెలిసిన చేతికి ఒక మొక్క ఎందుకూ పనికిరాలేదంటే, మనిషి తినక, మేక ముట్టక, పేరడిగితే "అదేదో కంప" అనే మాట తప్ప ఇంకోటి రాలేదంటే, అది కొత్తగా వచ్చిందని అనుమానించొచ్చు. పులికంపకీ వయ్యారిభామకీ ఈ లెక్క సరిగ్గా సరిపోతుంది.

కథ మొదలుపెట్టడానికి సామర్లకోట మంచి చోటు. స్కాట్లండ్ నుంచి వచ్చిన విలియం రాక్స్‌బర్గ్ అనే డాక్టరు 1780లలో ఈస్టిండియా కంపెనీ కొలువులో అక్కడ ఉండి తోట వేశాడు. కోస్తా మొక్కలకి బొమ్మలు గీయించాడు, వాటి తెలుగు పేర్లు కూడా రాసుకున్నాడు. ఆ పేర్లు చెప్పినవాళ్లెవరో ఏ పుస్తకంలోనూ లేదు. కొండ మీంచి దిగినవాళ్లు కూడా వాళ్లలో ఉండే ఉంటారని మన ఊహ. 1793లో రాక్స్‌బర్గ్‌ని కలకత్తా బొటానికల్ గార్డెన్‌కి పెద్దగా పంపించారు. ఆ తోట షికారు కోసం పెట్టింది కాదు. ఏ దేశపు మొక్క ఇక్కడ బతికితే కంపెనీకి డబ్బొస్తుందో తేల్చుకునే చోటది. ఓడ దిగిన ప్రతి విత్తనాన్నీ అక్కడ నాటి చూసేవారు. పనికొచ్చింది పెంచేవారు, అందంగా ఉన్నది దొరల బంగళాలకి పంచేవారు.

అలా వచ్చిందే పులికంప. అసలు ఊరు అమెరికా ఖండంలోని వేడి ప్రాంతాలు. యూరప్ తోటల్లో దాన్ని ముద్దుగా పెంచారు. ఒకే గుత్తిలో పసుపు, నారింజ, గులాబీ రంగులు పూస్తుంది మరి. కొన్నిచోట్ల దాన్ని తలంబ్రాల చెట్టు అనేది అందుకే. 1809 ప్రాంతంలో కలకత్తా తోటకి చేరింది. అక్కడి నుంచి బంగళాల కంచెలకి, కంచె దాటి అడవికి. పండితే నల్లగా చిన్న పళ్లు కాస్తుంది. పిగిలిపిట్టలు, గోరింకలు తిని ఎక్కడ వాలితే అక్కడ గింజ వేస్తాయి. మన పెరట్లో చింతచెట్టు కింద, కరెంటు తీగ కింద అది వరసగా మొలవడానికి కారణం అదే, ఎవరో చేతబడి చేసి కాదు. ఆవులు, మేకలు ఆకలికి తింటే కామెర్లు వస్తాయి, ఎండ తగిలితే చర్మం ఊడుతుంది. అందుకని పశువు దాన్ని వదిలేసి చుట్టూ ఉన్న గడ్డి తినేస్తుంది. గడ్డి పోయిన చోట అదే పరుచుకుంటుంది. 2020లో మన దేశ పరిశోధకులు అచ్చువేసిన లెక్క ప్రకారం, పులులు తిరిగే అడవుల్లో 40 శాతానికి పైగా ఈ కంప ఆక్రమించింది. ఆక్రమించింది అనే మాటని గుర్తుపెట్టుకోండి, దానితో మళ్లీ పనుంది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా అనుకుందాం. బయట నుంచి వచ్చిందల్లా శత్రువని మేము అనడం లేదు. మిరపకాయ అమెరికాది. టమాటా, బొప్పాయి, మొక్కజొన్న అక్కడివే. మన సీతంపేట కొండలకి పేరు తెచ్చిన అనాస, జీడిమామిడి కూడా ఆ ఖండం నుంచే పోర్చుగీసు ఓడల మీద వచ్చాయి. ముట్టుకుంటే ముడుచుకునే అత్తిపత్తి కూడా అమెరికా మొక్కే. ఎవరన్నా నమ్ముతారేటి? తేడా ఎక్కడంటే, అనాస పిలక నాటిన చోటే ఉంటుంది. దాన్ని పిలిచింది మనం. పులికంపని మనం పిలవలేదు, పొమ్మంటే పోదు.

ఇలా తెచ్చి వదిలిన వాటి జాబితా పెద్దదే. నాగజెముడు సంగతి చూడండి. ఎర్రరంగు ఇచ్చే పురుగుని పెంచితే స్పెయిన్ వాళ్ల వ్యాపారం మనకొస్తుందని మద్రాసులో జేమ్స్ ఆండర్సన్ అనే కంపెనీ డాక్టరు 1780ల చివర్లో నాగజెముడు తోటలు వేయించాడు. ఆ పురుగు బతికేది నాగజెముడు మీదే. 1795లో బ్రెజిల్ నుంచి పురుగు కూడా వచ్చింది. తీరా చూస్తే అది నాసిరకం. రంగు రాలేదు కానీ ఒక జాతి నాగజెముడుని మాత్రం తినేసింది. ఇంకో జాతి దక్షిణాదిలో పొలాలనీ ఊళ్ల అంచుల్నీ కమ్మేస్తే, 1926లో సింహళం నుంచి వేరే పురుగుని తెచ్చి వదిలారు. అయిదారేళ్లలో అది చాలావరకు అణిగిపోయింది. పురుగుతో మొక్కని గెలిచిన కథల్లో ఇది పెద్దది. ఆ నమ్మకంతోనే పులికంప మీదకి కూడా 1921లో హవాయి నుంచి ఒక ఈగని, 1941లో ఆస్ట్రేలియా నుంచి ఆకు రసం పీల్చే పురుగుని తెచ్చారు. రెండో పురుగు టేకు పూల మీద కూడా వాలుతోందని డెహ్రాడూన్‌లో ఆ పెంపకం ఆపేశారు. పులికంపకి మాత్రం పెద్దగా ఏమీ కాలేదు.

సర్కారు తుమ్మ పేరులోనే దాని చరిత్ర ఉంది. మద్రాసు రాష్ట్రంలో అడవుల అధికారిగా ఉన్న కర్నల్ బెడ్డోమ్ వంటచెరకు కోసం జమైకా విత్తనాలు కావాలని రాశాడు. 1877లో కడప జిల్లా కమలాపురంలో నాటారు. ఇవాళ కోస్తా మెట్ట అంతా అదే. జనం దానికి సర్కారు పేరు పెట్టారు, సరిగ్గానే పెట్టారు.

వయ్యారిభామకైతే ఇంకో రాజకీయం. కాంగ్రెస్ గడ్డి అన్న పేరు మీరు వినే ఉంటారు. నెహ్రూ కాలంలో అమెరికా నుంచి పీఎల్ 480 గోధుమలొచ్చాయి, ఆ బస్తాల్లో ఈ విత్తనం వచ్చింది, అప్పుడు కాంగ్రెస్ పాలన కాబట్టి ఆ పేరు, అని చెప్తారు. తెల్లటి పూలు టోపీల్లా ఉంటాయి కాబట్టి అనేవాళ్లూ ఉన్నారు. కథ బాగుంది, తారీఖులే కుదరవు. ఈ మొక్క పూనాలో చెత్తకుప్పల మీద పెరుగుతోందని గుర్తించింది 1955లో. మన దేశం పీఎల్ 480 ఒప్పందం మీద సంతకం పెట్టింది 1956లో. ఇంకా వెనక్కి వెళ్తే 1814లో సీరంపూర్‌లో అచ్చయిన కలకత్తా తోట జాబితాలోనే, అదే మన రాక్స్‌బర్గ్ తయారుచేసిన జాబితాలో, ఈ మొక్క పేరుంది. కాబట్టి గోధుమ ఓడలు దాన్ని మోసుకొచ్చి ఉండొచ్చు, బాగా పంచి ఉండొచ్చు, కానీ మొదటిసారి తెచ్చింది అవేనని గట్టిగా చెప్పలేం. ధాన్యం లారీలు, రోడ్డు కంకర, ఇసుక, సంతకొచ్చే బళ్లు, వీటి వెంట అది ఊరూరికీ చేరింది. గమనించండి, కొండ మీద కూడా ముందు రోడ్డు పక్కన, ఆ తర్వాత స్కూలు గ్రౌండులో, హాస్టలు గోడ వెనక, చివరికి పెరట్లో కనిపిస్తుంది. తారురోడ్డు ఎంతవరకు వస్తే అదీ అంతవరకు వస్తుంది. రోడ్డు వద్దని కాదు, రోడ్డుతో పాటు ఏమొస్తోందో చూసుకోవాలి అని.

గడ్డికి పార్టీల పేర్లు పెట్టడంలో మనవాళ్లు ఒంటరి కాదు. తెల్లపూల గుబురు మొక్క ఒకటుంది, ఆకు నలిపితే ఘాటైన వాసన, మన తూర్పు కనుమల్లోనూ బాగా అల్లుకుంది. 1840లలో అదీ కలకత్తా తోటకే వచ్చింది. కేరళలో దాన్ని కమ్యూనిస్టు పచ్చ అంటారు. ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ పాతుకుపోతుందని ఆ పేరట. మన జిల్లా చరిత్ర తెలిసినవాళ్లు ఇది విని నవ్వుకోవాలి.

ఇక అసలు విషయానికొద్దాం. ఇవన్నీ తోటల్లోంచి, ఓడల్లోంచి, లారీల్లోంచి వచ్చినవైతే, కొండ పాడైపోతోందన్న నింద ఎవరి మీద పడింది? మన మీద. పోడు మీద.

పోడు ఎందుకు మారుస్తారో బయటివాళ్లకి అర్థం కాలేదు. సారం తగ్గిందని మార్చడం ఒక కారణమే. రెండో కారణం కలుపు. కొట్టి కాల్చిన కొత్త చోట మొదటి ఏడు కలుపు దాదాపు ఉండదు. రెండో ఏడు, మూడో ఏడు వచ్చేసరికి పంట కంటే కలుపుకే ఎక్కువ చెయ్యి పడుతుంది. అప్పుడు వదిలేస్తారు. పదేళ్లో పదిహేనేళ్లో వదిలితే మళ్లీ చెట్లు లేస్తాయి, నీడ పడుతుంది, నీడలో ఎండ కోరే కలుపు చస్తుంది. అడవే కలుపు తీసిపెట్టేది. కంది, చోడి, సామ, కొర్ర పండించిన మన పెద్దలకి అదే గడ్డి మందు.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. మన వైపు చాలాభాగం అప్పుడు కురుపాం, మేరంగి, సాలూరు, పర్లాకిమిడి వంటి జమీందారీల కింద ఉండేది. అక్కడ గొడవ జమీందారు మనుషులతో. 1948 చట్టంతో జమీందారీలు రద్దయ్యాక ఆ అడవులు సర్కారు చేతికొచ్చాయి. గట్లు వేశారు, రాళ్లు పాతారు, రిజర్వు అన్నారు. మధ్యలో 1936లో ఒడిశా విడిపోయినప్పుడు సవర ఊళ్లే రెండు రాష్ట్రాల మధ్య చీలిపోయాయి. ఇంత జరిగాక తిరగడానికి చోటు తగ్గింది. పదిహేనేళ్లు వదలాల్సిన చోటుని మూడు నాలుగేళ్లకే మళ్లీ కొట్టాల్సి వచ్చింది. చెట్టు లేచే టైము లేదు, నీడ లేదు. ఆ ఖాళీలోకి, ఎండ కోసం కాచుకుని ఉన్న పులికంప దిగింది. పోడు వల్ల కంప రాలేదు అని మేము అనం. పొట్టి పోడు వల్ల వచ్చింది. పోడుని పొట్టి చేసింది మాత్రం మనం కాదు. అయినా రికార్డుల్లో "ఆక్రమణదారు" అని రాసింది ఎవరిని? నాగలి పట్టిన జాతాపు రైతుని, సవర రైతుని. అడవిలో 40 శాతం తినేసిన కంప మీద ఏ కేసూ లేదు.

కర్ణాటక చామరాజనగర్ జిల్లాలో బిళిగిరి రంగన కొండల మీద సోలిగలు ఇదే మాట ఇంకోలా చెప్తారు. ఎండాకాలం మొదట్లో, అడవి పూర్తిగా ఎండకముందే, నేల మీద ఆకు చెత్తకి సన్నని మంట పెట్టడం వాళ్ల పద్ధతి. ఆ మంట పెద్దచెట్టుని ఏమీ చెయ్యదు, చిన్న కంప మొలకని మాత్రం చంపుతుంది. 1974లో ఆ కొండల్ని అభయారణ్యం చేశాక మంట మీద నిషేధం వచ్చింది. ఆ తర్వాతే పులికంప తలెత్తుకు మించి పెరిగిందని సోలిగ పెద్దలు చెప్తే, పరిశోధకులు దాన్ని రాసి అచ్చువేశారు. మంట వల్ల కంప ఇంకా పెరుగుతుందని వాదించే శాస్త్రవేత్తలూ ఉన్నారు. ఏ నెలలో, ఎంత మంట అన్నదే అక్కడ ప్రశ్న, ఆ లెక్క తెలిసినవాళ్లని అడగకుండానే నిషేధించారు. దయచేసి దీన్ని చదివి ఎవరూ పెరట్లో నిప్పు పెట్టకండి. తాటాకు ఇళ్లు, గడ్డివాములు పక్కనే ఉంటాయి.

మరి పెరట్లో ఏటి చెయ్యాలి?

పులికంపని నరికితే చావదు. మొదట్లోంచి నాలుగు కొమ్మలు బదులు పది లేస్తాయి. మన కంచెల దగ్గర ప్రతి ఏడూ జరిగేది ఇదే, కత్తితో నరికి పని అయిపోయిందనుకుంటాం. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన సి.ఆర్. బాబు, ఆయనతో పనిచేసినవాళ్లు కార్బెట్ అడవిలో చేసి చూపించిన పద్ధతి చాలా సులువు. పిలకలు లేచేది మొదలుకి, తల్లివేరుకి మధ్యనున్న ముడి లాంటి చోటు నుంచి. కాబట్టి మట్టి కొంచెం తీసి, ఆ ముడికి కింద, నేలకి రెండు మూడు అంగుళాల లోపల తల్లివేరుని గునపంతో గానీ గొడ్డలితో గానీ తెంపాలి. తెంపిన మొదలుని పైకి లాగి వేర్లు ఆకాశం వైపు ఉండేలా తలకిందులుగా పడెయ్యాలి, లేదంటే మట్టి తగిలి మళ్లీ నాటుకుంటుంది. వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు ఇద్దరు మనుషులు పొద్దున్న పూట ఒక పెరడు కంచెని శుభ్రం చెయ్యగలరు. తీసిన చోటుని ఖాళీగా వదిలితే మాత్రం పనంతా దండగ. వెంటనే కంద, అరటి, కొండచీపురు, బొబ్బర్లు, ఏదో ఒకటి వేసి నేలని కప్పాలి. ఆ తర్వాత రెండు మూడేళ్లు పిట్టలు వాలే చెట్ల కింద వేలెడు మొలకలు కనిపించగానే చేత్తో లాగెయ్యాలి. పిల్లల పని అది, ఆటలా చేసేస్తారు.

వయ్యారిభామ సంగతి వేరు. వేరు లోతు తక్కువ, చేత్తో వచ్చేస్తుంది. దాని బలమంతా విత్తనంలో ఉంది, ఒక్క మొక్కకే వేలల్లో వేస్తుంది. మొలిచిన నాలుగు నుంచి ఆరు వారాల్లో పూత. పూసిన తర్వాత పీకితే మనమే విత్తనం దులిపి చల్లినట్టు. పైగా పుప్పొడి ముక్కులోకి పోయి తుమ్ములు, ఆయాసం, చేతులకి దద్దుర్లు. కొందరికి ఆ ఎలర్జీ ఏళ్ల తరబడి వదలదు. చేతులకి కవరు గానీ తొడుగు గానీ, మూతికి గుడ్డ ఉండాలి. ఆయాసం ఉన్నవాళ్లు అసలు ముట్టుకోకూడదు. పూత రాకముందు పీకితే పెంటకుప్పలో వేసి ఎరువు చేసుకోవచ్చు. పూత వచ్చింది వెయ్యకూడదు. పాడి ఆవు తింటే పాలు చేదెక్కుతాయి.

దీనికీ ఒక పురుగుంది. మెక్సికో నుంచి 1983లో బెంగళూరుకి తెచ్చి పరీక్షించి 1984లో వదిలారు. తెల్లటి రెక్కల మీద ముదురు గీతలుంటాయి, చిక్కుడుగింజలో సగం కూడా ఉండదు. వానాకాలంలో వయ్యారిభామ ఆకులు జల్లెడలా కనిపిస్తే అదే అని గుర్తు. దాన్ని చంపకండి, నాలుగు పట్టి అగ్గిపెట్టెలో వేసి పక్క వీధి గడ్డి మీద వదలండి. ఉప్పునీళ్లు కొట్టమని కూడా చెప్తారు, అది రోడ్డు పక్కకే. పెరట్లో కొడితే నేల చవుడవుతుంది.

అన్నిటికన్నా మాకు నచ్చింది ఇంకోటి. కసివింద జాతి మొక్కలు ఒత్తుగా పెరిగిన చోట వయ్యారిభామ నిలబడలేదని కర్ణాటకలోనూ ఇతర చోట్లా చూశారు. ఆ జాతిలో మన తంటెం కూడా ఉంది. కొన్నిచోట్ల తగిరిస అంటారు. అవ్వ ఒడిలోకి వెళ్లే కూరల్లో ఒకటని పైన చెప్పాం కదా, అదే! ఎండాకాలం చివర్లో తంటెం గింజలు ఏరి, వయ్యారిభామ ఉండే చోట తొలకరికి ముందే ఒత్తుగా చల్లితే, నేలనీ కాపాడుతుంది, లేత చిగురు కూరకీ వస్తుంది. పట్నం చదువులు చదివి తంటెం కూరని చిన్నచూపు చూసినవాళ్లు ఎవరన్నా ఉంటే ఈ పేరా రెండుసార్లు చదవండి.

తుంగ మనదే, మొండిదే. పైన ఆకు పీకితే కింద గడ్డ అలాగే ఉంటుంది, గడ్డకి గడ్డ గొలుసులా ఉంటుంది. నల్ల ప్లాస్టిక్ పరిస్తే దాన్నీ పొడుచుకుని వస్తుంది. దానికి ఉన్న భయం నీడ ఒక్కటే. ఎండాకాలంలో లోతుగా తవ్వి గడ్డల్ని ఎండకి వెయ్యాలి, వానలకి చిలగడదుంపో గుమ్మడో బొబ్బర్లో కమ్మేలా పాకించాలి, మధ్యలో వచ్చిన మొలకల్ని రెండు వారాలకోసారి, కొత్త గడ్డ కట్టకముందే, తియ్యాలి. రెండు సీజన్లు పడుతుంది. అంతకన్నా తొందరగా పోతుందని ఎవరన్నా చెప్తే వాడు మందు అమ్మేవాడే.

మందు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్లలో కుర్రాళ్లు సంతలో డబ్బా కొని తెచ్చి పెరట్లో కొట్టేస్తున్నారు. గ్లైఫోసేట్ వాడకాన్ని కేంద్రం 2022 అక్టోబరు ఉత్తర్వుతో కట్టడి చేసింది, లైసెన్సు ఉన్న పురుగు నివారణ మనుషులు తప్ప ఇంకెవరూ కొట్టకూడదని. పారాక్వాట్ ఇంకా ప్రమాదం. గుక్కెడు లోపలికి పోతే విరుగుడు మందు లేదు. ఊపిరితిత్తులు గట్టిపడి రోజుల తరబడి నరకం చూసి పోతారు. మన పెరడు వరి మడి కాదు. నూతికీ వంటింటికీ మధ్య ఉంటుంది, కోళ్లు అక్కడే ఏరుకు తింటాయి, పసిపిల్లలు అక్కడే ఆడతారు. పైగా గడ్డి మందుకి గునుగు, తంటెం, గలిజేరు, వయ్యారిభామ తేడా తెలీదు. అన్నిటినీ ఒకేసారి చంపుతుంది. ఒకసారి కొడితే ఆ పెరట్లో కూరలు పోతాయి. ఖాళీ అయిన నేల మీద ముందుగా మొలిచేది మళ్లీ వయ్యారిభామే.

పెరడు దాటి కొండ సంగతి కూడా మన చేతిలోకి రావాలి. 2006 అటవీ హక్కుల చట్టం అనగానే మనవాళ్లకి పోడు పట్టా ఒక్కటే గుర్తొస్తుంది. అదే చట్టం 3వ సెక్షన్‌లో, ఊరి సామూహిక అడవిని కాపాడుకునే, తిరిగి పెంచుకునే, ఎలా వాడాలో తేల్చుకునే హక్కు కూడా ఉంది. ఆ హక్కు గ్రామసభది. బిళిగిరి కొండల సోలిగలు 2011లో సామూహిక హక్కు పత్రాలు సాధించుకున్నారు, పులుల అడవిలో ఉండి కూడా. నీలగిరుల్లో గూడలూరు దగ్గర బెట్టకురుంబ, పణియ, కాట్టునాయకన్ కళాకారులు కొట్టిన పులికంప కర్రలతో నిజమైన ఏనుగులంత బొమ్మలు కట్టారు. 2021లో ఆ ఏనుగుల మంద లండన్ పార్కుల్లో నిలబడింది. కంపెనీ వాళ్లు తెచ్చిన కంప ఏనుగై వాళ్ల ఊరికే వెళ్లిందన్నమాట! కురుపాం, కొమరాడ వైపు ఒడిశా నుంచి దిగే నిజం ఏనుగులతో పడుతున్న మనవాళ్లకి ఇది వింతగా ఉండొచ్చు. కానీ వాళ్లకి ఆ కర్ర కూలి డబ్బు ఇచ్చింది. మన గ్రామసభలు కూడా ఏ వాలులో కంప ఎంతుందో గుర్తులు వేసి తీర్మానం రాసుకోవచ్చు. ఉపాధి పనుల్లో పెట్టమని అడగొచ్చు. అడగడానికి ముందు లెక్క కావాలి, ఆ లెక్క తియ్యగలిగింది డిగ్రీ చదువుతున్న మనమే.

ఇంకో పని కూడా ఉంది. ఈ మొక్కల్ని సవరలో, కువిలో, గదబలో మీ ఇంట్లో ఏమంటారో అడిగి రాయండి. ఊరి పేరు, చెప్పినవాళ్ల వయసు, మొక్కని మొదట ఎప్పుడు చూశామన్నారో కూడా రాయండి. "మా చిన్నప్పుడు ఇది లేదు, ఫలానా రోడ్డు వేశాక వచ్చింది" అని ఒక ముసలమ్మ చెప్పిన మాట, మన కొండ మీద ఈ మొక్క ఎప్పుడొచ్చిందో చెప్పే ఒకే ఒక్క రికార్డు కావొచ్చు.

చివరగా తారీఖు. జబల్‌పూర్‌లోని కలుపు పరిశోధన కేంద్రం వాళ్లు ఏటా ఆగస్టు 16 నుంచి 22 వరకు వయ్యారిభామ నిర్మూలన వారం జరుపుతారు. హాస్టళ్లకి కూడా సర్క్యులర్లు వస్తాయి, బ్యానరు పట్టుకుని ఫొటోలు దిగుతాం. మన దగ్గర జూన్ వానకి మొలిచిన మొక్క ఆగస్టు 16 నాటికి పూసి, కాసి, విత్తనం రాల్చడం మొదలుపెట్టేస్తుంది. కాబట్టి మన వారం జులై మొదటి వారం. వాన పడిన మర్నాడు, పొద్దున్నే, చేతికి తొడుగు వేసుకుని. ఆగస్టులో ఫొటో ఎలాగూ దిగొచ్చు.